పిల్లలూ మనమూ: అరిచేశాక ఏం చేయాలి?

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు, జులై 2021)

తెలంగాణలో జూన్ 20న లాక్‌డౌన్ ఎత్తేశారు. బడులు మాత్రం తెరవలేదు. 2020 మార్చిలో ఇంటికొచ్చిన చిన్న తరగతుల పిల్లలు ఇప్పటికీ ఇంట్లోనే ఉన్నారు. పెద్ద తరగతులకు మధ్యలో కొన్నాళ్లు తెరిచి మళ్లీ మూశారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో 'పిల్లాడు ఇలా తయారయ్యాడు' అన్న ఫిర్యాదు కింద, నాలుగైదు వాక్యాల తర్వాత, రాసినవాళ్ల అలసట బయటపడుతోంది. అందుకే ఈసారి జవాబుల్లో పెద్దవాళ్ల సంగతి కాస్త ఎక్కువే ఉంటుంది.

ప్రశ్న: ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. బాబుకి ఐదేళ్లు, యూకేజీ. నాకు కాల్ మొదలైందంటే వచ్చి ఛార్జర్ వైరు పీకేస్తాడు, కేకలు పెడతాడు. చివరికి ఫోన్ చేతిలో పెడితేగానీ ఊరుకోడు. పోయిన వారం చెంప మీద కొట్టాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మావారేమో 'నీ గారాబమే' అంటారు. వాడు మొండికేస్తున్నాడా, నాకే పెంచడం చేతకావట్లేదా?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: 'చివరికి ఫోన్ చేతిలో పెడితేగానీ' అని మీరే రాశారు. చిక్కంతా ఆ 'చివరికి' దగ్గరుంది. వాడు అరిచాడు, ఫోన్ వచ్చింది. మీరు ఫోన్ ఇచ్చారు, అరుపు ఆగింది. ఇద్దరికీ పని జరిగింది కాబట్టి రేపూ ఇద్దరూ అదే చేస్తారు. జెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త కుటుంబాలను వాళ్ల ఇళ్లలోనే గమనించి ఈ గానుగ తిరుగుడును వివరించాడు. ఇందులో పిల్లాడి మొండితనం ఎంతో, పెద్దవాళ్ల మెత్తదనమూ అంతే. ఎవరు మొదలుపెట్టారన్నది తేల్చినా ఒరిగేదేమీ లేదు.

దీన్ని విడగొట్టడానికి ముందు చేయాల్సింది ఫోన్ మానిపించడం కాదు. అరుపుకీ ఫోన్‌కీ ఉన్న లంకె తెంచాలి. కాల్ 9:30కి అనుకోండి. 9:20కే, వాడు నవ్వుతూ ఉండగానే, ఫోన్ మీరే ఇవ్వండి: 'అమ్మ మాట్లాడేటప్పుడు నీకు రెండు ఎపిసోడ్లు.' నిమిషాలు చెప్పకండి. ఐదేళ్లవాడికి 'ఇరవై నిమిషాలు' అంటే అర్థం కాదు, ఎపిసోడ్ అయిపోవడం అర్థమవుతుంది. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఒకటి అవగానే ఇంకోటి దానంతటదే మొదలవుతుంది, ఆపేసిన పాపం మీకు చుట్టుకుంటుంది. రెండోది అయ్యాక చేతిలోకి వేరే పని రావాలి: వేరుసెనక్కాయలు ఒలవడమో, గిన్నెలో నీళ్లూ నాలుగు స్పూన్లూనో. కాల్ పొడిగింది కదా అని మూడో ఎపిసోడ్ పెట్టారంటే ఒప్పందం పోయినట్టే. కాబట్టి కాల్ ఎంతసేపు పట్టొచ్చో ఉన్నదానికంటే కాస్త ఎక్కువగానే లెక్కేసుకోండి.

ఆ తర్వాత అరిచి అడిగితే ఇవ్వకూడదు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇవ్వడం మానేసిన మొదటి కొద్ది రోజులు అరుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసిన మంత్రం పనిచేయకపోతే ఎవరైనా గొంతు పెంచుతారు. మూడో రోజు ఇరవై నిమిషాల ఏడుపు తర్వాత మీరు కరిగిపోయి ఇచ్చారనుకోండి, ఇరవై నిమిషాలు ఏడవాలన్న పాఠం వాడికి ఒంటబట్టినట్టే. అందుకని ఆఫీసులో రిలీజ్ ఉన్న వారంలో ఈ పని పెట్టుకోకండి. ఇంట్లో నానమ్మో తాతయ్యో ఉంటే ముందే ఒప్పించండి. మీరు ముందు గదిలో బిగబట్టుకుని కూర్చుంటే వెనక గదిలో టాబ్లెట్ చేతిలో పడిపోతుంది. పట్టించుకోకుండా ఉండటం అరుపుకీ ఏడుపుకీ మాత్రమే. కొట్టడం, వస్తువులు విసరడం, పొయ్యి దగ్గరికి పోవడం లాంటివైతే వెంటనే లేచి ఆపాల్సిందే.

రెండో భాగం రోజుకు పది నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2020లో తల్లిదండ్రుల కోసం తెచ్చిన కోవిడ్ సూచనల్లో మొదటిది ఇదే: ఒక్కో బిడ్డతో విడిగా కాసేపు గడపడం. వినడానికి తేలికే, చేసేటప్పుడు మాత్రం తప్పుతాం. రోజూ ఒకే వేళ పెట్టుకోండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి, సైలెంట్‌లో పెట్టి ఒళ్లో ఉంచుకుంటే కుదరదు. ఆట వాడిష్టం. మీరు పాఠం చెప్పకూడదు, ప్రశ్నలు వేయకూడదు. 'ఇది ఏ రంగు?' అన్నారంటే ఆట కాస్తా పరీక్ష అయిపోయింది. వాడు చేసేది పైకి చెబుతూ ఉంటే చాలు: 'ఎర్ర దిమ్మ మీద పచ్చ దిమ్మ పెట్టావే... అబ్బో, మూడోది కూడానా!' చివరి రెండు నిమిషాలు ఉందనగా చెప్పండి. అల్లరి చేశాడని శిక్షగా ఈ పది నిమిషాలు ఎప్పుడూ రద్దు చేయకండి. జీతం ఆపేసి పని చేయమన్నట్టుంటుంది. ఇలా రెండు వారాలు గడిస్తే కాల్ మధ్యలో వైరు పీకాల్సిన అవసరం తగ్గుతుంది. మీ చూపు తన మీద పడటానికి వాడికి వేరే దారి దొరికింది కాబట్టి.

ఆన్‌లైన్ క్లాసు సంగతి మీరు రాయలేదు గానీ యూకేజీ పిల్లల్ని రోజుకు మూడు గంటలు స్క్రీన్ ముందు కూర్చోబెట్టే బడులున్నాయి. 2020 జులైలో కేంద్రం ఇచ్చిన 'ప్రజ్ఞాత' మార్గదర్శకాలు బడికి ముందు వయసు పిల్లలకు ఆన్‌లైన్ సమయం రోజుకు 30 నిమిషాలు దాటకూడదన్నాయి. అదీ తల్లిదండ్రులతో మాట్లాడటానికి, వాళ్లకు దారి చూపడానికి. 1 నుంచి 8 తరగతులకు 30–45 నిమిషాల సెషన్లు రెండుకు మించొద్దన్నాయి. ఆ మిగతా గంటల కోసం మీరు వాడితో పోట్లాడనక్కర్లేదు.

ఇక మీ గురించి. చెయ్యి లేచేది ఒక్కసారిగా కాదు. ముందు పళ్లు బిగుసుకుంటాయి, గొంతు సన్నబడుతుంది, ఒకే మాట మూడోసారి అంటారు. మీ ఒంట్లో ఆ గుర్తు ఏదో కనిపెట్టండి. అది కనబడగానే, పూర్తిగా కోపం వచ్చేదాకా ఆగకుండా, వాడికి చెప్పి లేవండి: 'నాకు కోపమొస్తోంది. మొహం కడుక్కుని వస్తా.' చన్నీళ్లు చల్లుకోండి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. అలా పదిసార్లు చేస్తే రెండు నిమిషాలు కూడా పట్టదు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. చెప్పినట్టే తిరిగి రండి. చెప్పకుండా తలుపేసుకుంటే పిల్లలకు భయమేస్తుంది. (మూడేళ్లలోపు పిల్లలైతే ఒంటరిగా వదలకండి, సురక్షితమైన చోట కూర్చోబెట్టి గుమ్మం దగ్గరే ఊపిరి పీల్చండి.)

కొట్టేశారు. దాని సంగతి ఆ రోజే చూసుకోవాల్సింది, ఇప్పుడైనా ఆలస్యమేమీ కాలేదు. వాడి ఎత్తుకి కూర్చుని చెప్పండి: 'ఆ రోజు నేను నిన్ను కొట్టాను. అది తప్పు. నాకు చాలా కోపమొచ్చింది, ఆ కోపం నీ తప్పు కాదు. ఇంకోసారి వస్తే నేను బయటికెళ్లి మొహం కడుక్కుంటా.' అక్కడితో ఆపేయండి. 'కానీ నువ్వు కూడా...' అని మొదలెడితే మళ్లీ తిట్టినట్టే. చాక్లెట్ కొనిపెట్టకండి, దెబ్బకి ధర కట్టినట్టవుతుంది. వాడు 'ఊఁ' అని కారు బొమ్మ తీసుకుని వెళ్లిపోతే చిన్నబుచ్చుకోకండి. విన్నాడు.

మీవారికి ఒక మాట. పనిమనిషి రాని ఇంట్లో 'సాయం చేస్తున్నా' అన్న మాటకు అర్థం లేదు. సాయం చేసేవాడికి ఎప్పుడు చేయాలో చెప్పే పని కూడా భార్య మీదే పడుతుంది. ఆదివారం రాత్రి ఇద్దరి మీటింగులూ ఒక కాగితం మీద రాసుకోండి. ఏ గంట ఎవరిదో పేరు పెట్టండి. ఆయన గంటలో బాబు ఏడ్చినా మీరు తలుపు తీయకూడదు. ఇది మీకే కష్టం, చూడండి.

మామూలు అలసట ఒక మంచి నిద్రతోనో సెలవు రోజుతోనో తగ్గుతుంది. తగ్గకపోతే, బిడ్డకు తిండీ స్నానమూ అన్నీ యంత్రంలా జరిగిపోతూ దగ్గరికి తీసుకోవాలని అనిపించకపోతే, 'నేను ఇలాంటి తల్లిని కాదే' అని పదేపదే అనిపిస్తుంటే దానికి వేరే పేరుంది. బెల్జియం పరిశోధకులు ఇసబెల్ రోస్కామ్, మోయిరా మికోలాజ్‌చాక్ దాన్ని 'పేరెంటల్ బర్నౌట్' అంటున్నారు. ఓపిక పట్టినంత మాత్రాన అది పోదు, నెత్తి మీద బరువు దించాల్సిందే. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోతే, చచ్చిపోవాలనిపిస్తే, వెంటనే మానసిక వైద్యుల్ని కలవండి. 2020 సెప్టెంబరులో మొదలైన 'కిరణ్' హెల్ప్‌లైన్ స్థానంలో ఇప్పుడు 'టెలి మానస్' ఉంది; 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రశ్న: మే నెలలో మా అమ్మాయి కరోనాతో చనిపోయింది. మనవరాలికి ఆరేళ్లు. 'అమ్మ ఆసుపత్రిలో ఉంది' అని చెబుతూ వస్తున్నాం. రోజూ సాయంత్రం గేటు దగ్గర నిలబడుతోంది. నాకు పొలమారితే చాలు, ఏడుస్తుంది. అల్లుడు నోరు విప్పడం లేదు. ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి?
– ఒక అమ్మమ్మ, కాకినాడ

జవాబు: అమ్మా, ఈ వారంలోనే చెప్పండి. పాపకు సగం తెలుసు. మీకు పొలమారితే ఏడవడం అందుకే. తెలిసిన సగాన్ని ఒంటరిగా మోస్తోంది.

అల్లుడుగారు చెబితే మంచిది, మీరు పక్కనుండండి. ఆయన వల్ల కాకపోతే మీరు చెప్పండి, ఆయన పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలు. పొద్దున పూట, టిఫిన్ తిన్నాక చెప్పండి. రాత్రి చెబితే ఆ మాటతోనే పడుకోవాలి. చుట్టాలెవరూ ఉండొద్దు. మాటలు ఇలా ఉండొచ్చు: 'అమ్మకి కరోనా చాలా ఎక్కువైంది. డాక్టర్లు ఎంతో ప్రయత్నించారు. అమ్మ ఒళ్లు పనిచేయడం ఆగిపోయింది. అమ్మ చనిపోయింది. ఇక తిరిగి రాదు. నీకు బాధేస్తుందని ముందే చెప్పలేదు. అలా చెప్పకపోవడం మా తప్పు.'

'చనిపోయింది' అన్న మాట మన నోటికి రాదు. దాని బదులు వాడే మాటలు మాత్రం ఈ వయసులో చేటు చేస్తాయి. 'నిద్రపోయింది' అంటే పాప పడుకోవడానికి భయపడుతుంది. 'దేవుడు తీసుకెళ్లిపోయాడు' అంటే నాన్ననీ తీసుకెళ్తాడేమోనని దేవుడి గదిలోకే వెళ్లదు. 'ఊరెళ్లింది' అంటే నన్నెందుకు తీసుకెళ్లలేదని కోపం. మీ ఇంటి నమ్మకాలు చెప్పొద్దని కాదు. ముందు ఒళ్లు సంగతి, ఆ తర్వాత ఆకాశంలో నక్షత్రమని చెప్పుకోవచ్చు.

ఐదారేళ్ల పిల్లలకు చావు తిరిగిరానిదని పూర్తిగా అర్థం కాదు. రేపు మళ్లీ 'అమ్మ ఎప్పుడొస్తుంది?' అంటుంది. వారం తర్వాతా అంటుంది. మొదటిసారి చెప్పినట్టే, అవే మాటల్లో చెప్పండి. పైకి అడగని ప్రశ్నలు మూడు లోపల ఉంటాయి: నా వల్లనా? నువ్వూ చచ్చిపోతావా? నన్నెవరు చూసుకుంటారు? అడగకపోయినా జవాబివ్వండి. తను అల్లరి చేయబట్టే అమ్మ వెళ్లిపోయిందని ఈ వయసు పిల్లలు నిజంగానే అనుకుంటారు. 'నువ్వు చేసిన దేనివల్లా, అన్న దేనివల్లా కాదు' అని స్పష్టంగా చెప్పాలి. రెండోదానికి 'నేనెప్పటికీ చావను' అనకండి. 'నాకిప్పుడు బాగానే ఉంది. చాలా ఏళ్లు నీతో ఉంటాననే అనుకుంటున్నా' అనండి. దగ్గు వస్తే ఏ దగ్గో చెప్పేయండి: 'పోపు ఘాటు పట్టింది, చూడు.' మూడోదానికి పేర్లు కావాలి: జడ ఎవరు వేస్తారు, అన్నం ఎవరు తినిపిస్తారు, రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు.

విన్న పది నిమిషాలకే ఆడుకోవడానికి పోతే ఆశ్చర్యపోకండి. పిల్లల దుఃఖం వాన గుంటల్లాంటిది. అందులో కాలు పెడతారు, తడుస్తారు, గెంతి బయటికొస్తారు. మేలో చాలా ఇళ్లలో కడసారి చూపు కూడా దక్కలేదు. పాపకైతే అసలు వీడ్కోలే లేదు. వచ్చే మాసికం నాడు ఫొటోకి పువ్వులు పాపనే పెట్టనివ్వండి, బలవంతం మాత్రం వద్దు. అమ్మ చీర ఒకటి ఉతక్కుండా పాప కోసం ఉంచండి. ఆ వాసన కొన్నాళ్లు ఆసరా.

పాప ముందు ఏడవకూడదని బిగబట్టుకోకండి. 'అమ్మ గుర్తొచ్చి ఏడుస్తున్నా' అని చెప్పి ఏడవండి. కారణం తెలియని మౌనమే పిల్లల్ని బెదరగొడుతుంది. అల్లుడుగారికి ఇప్పుడు మాట రావడం లేదు కాబట్టి పని అప్పజెప్పండి: రోజూ రాత్రి పాపకు కథ ఆయనే చదవాలి. పుస్తకంలో మాటలుంటాయి, సొంతంగా వెతుక్కోనక్కర్లేదు. నెలలు గడిచినా పాప ఆడటం మానేసినా, తినకపోయినా, అమ్మ దగ్గరికి వెళ్లిపోతానంటున్నా పిల్లల మానసిక నిపుణులకు చూపించండి.

ప్రశ్న: ప్రైవేటు స్కూల్లో టీచర్‌ను. ఏడాదిగా సరైన జీతం లేదు. ప్రభుత్వమిచ్చే 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యంతో నెట్టుకొస్తున్నాం. పాపకు తొమ్మిదేళ్లు. ఫీజు కట్టలేదని దాని క్లాసు లింకు ఆపేశారు. 'నెట్ పోయింది' అని చెప్పాం. డబ్బుల మీద ఇంట్లో రోజూ గొడవే. పాప గోళ్లు కొరుకుతోంది.
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: తొమ్మిదేళ్ల పిల్లకి నెట్ ఉందో లేదో మీకంటే బాగా తెలుసు. అబద్ధం నిలవదు. పైగా దాచేంత ఘోరం ఏదో జరిగిందని ఊహించుకుంటుంది. మూడు వాక్యాలు చాలు: 'బడులు మూశారు కాబట్టి నాన్నకి జీతం తగ్గింది. తిండికి, ఇంటికి లోటు లేదు. ఫీజు కట్టడానికి టైమ్ పడుతుంది, అప్పటిదాకా పాఠాలు నేను చెబుతా.' టీచరే కదా మీరు! రోజూ ఒక గంట తెలుగు, లెక్కలు. టీవీలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి పాఠాలు తెలుగు మాధ్యమానివైనా, ఇంగ్లీషు మీడియం పిల్లకు లెక్కలు అర్థం కావడానికి పనికొస్తాయి.

అప్పు ఎంత, ఎవరి దగ్గర అన్న లెక్కలు పాపకు వద్దు. 'అమ్మతో చెప్పు, నా దగ్గర లేవని' అంటూ పాపను మధ్యలో తిప్పకండి. గొడవలు పూర్తిగా మానేయమని చెప్పడం దండగ. డబ్బు మాటలకు ఒక వేళ పెట్టుకోండి, పాప నిద్రపోయాక అరగంట. ఆమె ముందే పోట్లాడుకున్న రోజున ఆమె ముందే కలిసిపోండి. సాధారణంగా పోట్లాట హాల్లో, రాజీ గదిలో జరుగుతుంది. దాంతో పిల్లలకు సగం కథే తెలుస్తుంది.

ప్రశ్న: మా వాడు పదో తరగతి. పరీక్షలు రద్దయ్యాయి. రాత్రి మూడింటిదాకా ఫోన్, పొద్దున పదకొండుకి లేస్తాడు. మాట్లాడబోతే తలుపేసుకుంటాడు. ఫోన్ లాక్కుంటే రెండు రోజులు తిండి మానేశాడు.
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: ఆ వయసులో ఒంటి గడియారం సహజంగానే కాస్త వెనక్కి జరుగుతుంది. బడి లేదు, పొద్దున లేవాల్సిన పనీ లేదు, కాబట్టి పూర్తిగా జారింది. పడుకునే వేళ మీద పోట్లాట పెట్టుకోకండి. నిద్ర ఎవరూ పిలిస్తే రాదు. లేచే వేళ పట్టుకోండి. పదకొండు నుంచి పదిన్నర, మూడు రోజులాగి పది, అలా అరగంట చొప్పున జరపండి. ఏడుకు చేరడానికి 24 రోజులు పడుతుంది. లేవగానే అరగంట డాబా మీద వెలుతురులో ఉండాలి. వెనకబడ్డ గడియారాన్ని ముందుకు లాగేది ఆ వెలుతురే. మధ్యాహ్నం కునుకు మూడింటికి ముందే అయిపోవాలి, అరగంట మించకూడదు. సాయంత్రం టీ, కూల్‌డ్రింకు బంద్. మొదటి రోజే ఐదింటికి నీళ్లు కుమ్మరించి లేపితే మధ్యాహ్నమంతా పడుకుని రాత్రి మళ్లీ మూడింటిదాకా మేలుకుంటాడు. ఫోన్లన్నీ పదకొండుకి హాల్లో ఛార్జింగ్. అన్నీ అంటే మీదీ.

ఫోన్ అంటే వాడికి స్నేహితులు కూడా. లాక్కోవడం ఇంట్లోంచి బయటికి గెంటినట్టే అనిపించి ఉంటుంది. ఎదురుగా కూర్చోబెట్టి 'నీ సమస్యేంటి?' అంటే ఏ పదహారేళ్లవాడూ చెప్పడు. బండి మీద వెనక కూర్చున్నప్పుడో, డాబా మీద బట్టలు తీస్తున్నప్పుడో ఒక మాట అని ఊరుకోండి: 'ఏడాదంతా చదివావు, పరీక్షే లేకుండా పోయింది. నాకైతే చిరాకేసేది.' జవాబు రాకపోయినా పర్లేదు.

ఒక సంగతి వాయిదా వేయకండి. రెండు వారాలుగా ఆటలు, స్నేహితులు కూడా వద్దంటున్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టేస్తున్నా, 'నేను లేకపోతే పీడా పోతుంది' లాంటి మాటలు వస్తున్నా నేరుగా అడగండి: 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉంటే బయటికొస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. పొలం మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఈ రోజే బయట షెడ్డులో తాళం వేయండి, తాళం చెవి మీ దగ్గరే ఉండాలి. నిద్రమాత్రలు, బీపీ మాత్రలు కూడా అంతే.

ప్రశ్న: ఏడేళ్ల బాబు. రెండేళ్ల కిందటే పక్క తడపడం మానేశాడు. ఇంట్లో అందరికీ కరోనా వచ్చి తగ్గాక మళ్లీ మొదలైంది. కావాలనే చేస్తున్నాడా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: నిద్రలో ఎవరూ కావాలని చేయలేరు. ఆరు నెలలకు పైగా పొడిగా ఉన్న పిల్లాడు మళ్లీ తడిపితే ఆందోళన ఒక కారణం కావొచ్చు, కానీ అదే అని ముందే తేల్చేయకండి. మొదట మూత్ర పరీక్ష చేయించండి. దాహం బాగా పెరిగి, పదేపదే మూత్రానికి వెళ్తూ, బరువు తగ్గుతుంటే ఆలస్యం చేయకుండా అదే రోజు షుగర్ పరీక్ష కూడా. మలబద్ధకం ఉన్నా ఇలా జరుగుతుంది, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. అవేవీ లేవని తేలాక: నీళ్లు పగలంతా బాగా తాగించి రాత్రి భోజనం తర్వాత తగ్గించండి, పడుకునే ముందు బాత్రూముకి పంపండి, మంచం మీద రబ్బరు షీటు, తలగడ పక్కన ఒక జత పొడి బట్టలు పెట్టండి. రాత్రి తడిస్తే లైటు వేయకుండా, మాట్లాడకుండా మార్చేయండి. తెల్లారాక ఆ దుప్పటి వీధిలోకి కనబడేలా ఆరేయకండి.